ఇత్తడికి రెండు కాకలు: రేకును ఇంట్లో కాచి మెత్తబరిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

నేను సొంతంగా కొట్టిన మొదటి ఇత్తడి చెంబు పశువుల సాలలో చీలిపోయింది. అది కింద పడలేదు, ఎవరూ దాని మీద కాలు వేయలేదు. పొదుగు కడిగే నీళ్లకని వానలకు ముందు అక్కడి గూట్లో పెట్టాం. వినాయక చవితి నాటికి అంచు నుంచి మెడ దాకా నిలువునా వెంట్రుకంత సన్నటి పగుళ్లు రెండు కనిపించాయి. నీళ్లు పోస్తే చెమటలా ఊరేవి. మా మేనమామకి చూపిస్తే ఆయన అడిగింది ఒక్కటే: "ఆఖరి కాక పెట్టావా, లేదా?"

పెట్టలేదు. అలాంటిదొకటి ఉందని కూడా నాకప్పటికి తెలియదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. మేనమామ ఊరు సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లాలో, కంచు ఇత్తడి పనికి పేరున్న బుడితికి దగ్గర. మా బజారులో ఒడియా కొట్టువాళ్లు పితల అంటారు, మేము ఇత్తడి అంటాం. లోహం మాత్రం ఒకటే, దానితో చేసే తప్పులూ ఒకటే. ఇంటి పెరట్లో చిన్న కొలిమి గానీ గ్యాస్ టార్చ్ గానీ పెట్టుకుని చెంబులు, పళ్ళేలు, దీపపు కుందెలు కొట్టాలనుకునేవాళ్ల కోసం నేను నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

సుత్తి పడితే ఇత్తడి ఎందుకు బిగుస్తుంది

కొత్త రేకు మెత్తగా ఉంటుంది, సుత్తి ఎటు చెబితే అటు వెళుతుంది. కొంతసేపు కొట్టాక అదే రేకు మొరాయిస్తుంది. దీన్నే మేము బిరుసెక్కడం అంటాం. లోహం లోపల కంటికి కనపడని స్ఫటికాలు, అంటే గింజలు, ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ప్రతి దెబ్బకీ అవి నలిగి, సాగి, ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుబడతాయి. ఆ చిక్కే బిరుసు. అక్కడా ఆపకుండా కొడితే అంచు చిట్లుతుంది.

తగినంత వేడి ఇస్తే నలిగిన గింజల స్థానంలో కొత్త గింజలు పుడతాయి. రేకు మళ్ళీ మెత్తబడుతుంది. ఇంగ్లీషులో ఎనీలింగ్ అనేది ఇదే. అయితే కొత్త గింజలు పుట్టాక కూడా వేడి పెడుతూ పోతే అవి ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి. అలాంటి రేకును వంచితే పైభాగం నారింజ తొక్కలా గరుకుగా లేస్తుంది, ఎంత పాలిష్ చేసినా ఆ గరుకు పూర్తిగా పోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో పదికి తొమ్మిది ఇదే. సరిపడా కాల్చకపోవడం కాదు, అతిగా కాల్చడం.

ఇనుముకీ ఇత్తడికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే చెప్పాలి. ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. ఇత్తడి గట్టిపడదు. మెత్తబడిన ఇత్తడిని నీళ్లలో ముంచినా, గాలికి వదిలినా మెత్తగానే ఉంటుంది. మా వీధిలో కమ్మరం తెలిసినవాళ్లే నాతో దీని మీద వాదించారు. చేసి చూపించాకే నమ్మారు.

ఏ ఇత్తడి

రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు ఉన్న ఇత్తడి సుత్తి పనికి అన్నిటికన్నా మంచిది. తూటాల గొట్టాలకు వాడేది ఇదే కాబట్టి దీన్ని కార్ట్రిడ్జ్ బ్రాస్ అంటారు. కొట్లో 70-30 రేకు అని అడగండి. చెంబుకి 20 లేదా 22 గేజీ సరిపోతుంది. 22 గేజీ అంటే మందం 0.7 మిల్లీమీటరు పైచిలుకు. జింకు 40 పాళ్ల దాకా ఉన్న రకం చల్లగా కొడితే త్వరగా పగులుతుంది, దాని జోలికి పోకండి.

పాత కుళాయిలు, వాల్వులు, తాళాలు పోతపోసిన ఇత్తడి. వాటిలో చాలావాటికి కోత సులువుగా ఉండాలని సీసం కలుపుతారు. సీసం ఉన్నది వేడి మీద పెళుసవుతుంది, కదిపితే ముక్కలవుతుంది. దాని పొగ కూడా విషం. అలాంటి తుక్కును కొలిమి దగ్గరికి రానీయకండి.

ఇంకో మాట. మా వైపు కొండల్లో, అడవి అంచుల్లో ఎప్పుడైనా వాడిన తూటా గొట్టాలు దొరుకుతాయి. మంచి ఇత్తడే కదా అని ఇంటికి తేకండి. పేలని మందు లోపల ఉండొచ్చు, వేడికి అది చేతిలోనే పేలుతుంది. తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉంటేనే చేయాల్సిన పని. గొట్టం కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

సిద్ధం చేసుకోవలసినవి

బొగ్గుల కొలిమికి చేతితో తిప్పే చిన్న బ్లోయర్ చాలు. టార్చ్ అయితే 5 కిలోల చిన్న సిలిండరుతో పని జరుగుతుంది. మంట వెడల్పుగా, మెత్తగా ఉండే మూతి తీసుకోండి. సూదిలాంటి మంట ఒకేచోట రేకును కరిగిస్తుంది. నాలుగు నిప్పు ఇటుకలు, పొడవాటి పటకారు, బకెట్ నిండా నీళ్లు, పక్కన ఇసుక పెట్టుకోండి. నూలు బట్టలే వేసుకోండి, నైలాన్ చర్మానికి అంటుకుపోతుంది. కాళ్లకు తోలు చెప్పులు కాదు, బూట్లు ఉండాలి.

గాలి ఆడే చోటే పని చేయండి. ఇత్తడి అతిగా కాలితే జింకు తెల్లటి పొగగా లేస్తుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, వణుకు, జ్వరం వస్తాయి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మా ప్రాంతంలో వణుకుతో జ్వరం అనగానే మలేరియా గుర్తొస్తుంది. రక్త పరీక్ష తప్పకుండా చేయించుకోండి. దాంతోపాటు డాక్టరుకి ఇత్తడి పొగ పీల్చానని కూడా చెప్పండి. తెల్లపొగ కనిపించిందంటే రేకు అప్పటికే పాడవుతోందని అర్థం. వెంటనే మంట తీసేయండి.

ఎప్పుడు కాచాలి

ఇది చెవితో నేర్చుకునే విషయం. మెత్తటి రేకు మీద సుత్తి పడితే దబ్‌మని అణిగిన చప్పుడు వస్తుంది. బిరుసెక్కేకొద్దీ అది ఖంగుమంటుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. చప్పుడు మారగానే ఆపండి. ఇంకో నాలుగు దెబ్బలు వేద్దాం అనుకున్న రోజే నాకు అంచులు చిట్లాయి.

అలాగని నాలుగు దెబ్బలకోసారి కూడా కాచకూడదు. కొద్దిగా మాత్రమే నలిగిన రేకులో కొత్త గింజలు పుట్టే చోట్లు తక్కువ. పుట్టిన ఆ కొన్నే పెద్దగా పెరిగిపోతాయి, మళ్ళీ నారింజ తొక్కే. రేకు మొత్తం మీద సమంగా ఒక వరస పూర్తయి, చప్పుడు మారాకే కొలిమిలో పెట్టండి.

కాచే ముందు నూనె, మైనం, చేతి జిడ్డు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు మాడి నల్లటి మరకలు పడితే తర్వాత వదిలించడం కష్టం.

మొదటి కాక: మెత్తబరచడం

70-30 ఇత్తడిని మెత్తబరచడానికి పుస్తకాలు చెప్పే వేడి 425 నుంచి 750 డిగ్రీల సెంటీగ్రేడు. ఇంటి పనికి 550 నుంచి 600 మధ్య లక్ష్యంగా పెట్టుకోండి. 900 దాటిన కొద్దిసేపటికే రేకు కరగడం మొదలవుతుంది. ఎర్రటి కాంతి బాగా పెరిగాక ఆ గీతకీ మీకూ మధ్య దూరం చాలా తక్కువ.

అందుకే నేను పగలు ఎండలో కాచను. ఏ లోహమైనా 525 డిగ్రీల దగ్గర చీకట్లో కంటికి తొలి ఎరుపు ఇస్తుంది. ఎండలో ఆ ఎరుపు కనపడదు. ఎండలో ఎర్రగా కనపడే దాకా కాల్చారంటే చాలా ఎక్కువ కాల్చినట్టే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, లేదా తడికలు దించి నీడ చేసుకుని కాచండి. గాలి మాత్రం ఆడనివ్వండి.

పని ఇలా నడుస్తుంది. రేకును నిప్పు ఇటుకల మీద పెట్టి మంటను ఒకచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండండి. మొదట రంగు మారుతుంది, తర్వాత ఉపరితలం మసకబారి నల్లపొర కడుతుంది. ఆ తర్వాత నీడలో, మంట పక్కకు జరిపిన క్షణంలో, బూడిద కింద దాగిన నిప్పులాంటి ముదురు ఎరుపు కనిపిస్తుంది. అక్కడే ఆపాలి. ఆ ఎరుపు రేకంతా ఒకసారి తిరిగి వచ్చేలా చూసుకుంటే చాలు. పల్చటి రేకుకి ఆ వేడి దగ్గర కొన్ని సెకన్లు నిలిస్తే సరిపోతుంది. నారింజ రంగు వచ్చిందంటే దాటిపోయారు.

కొలిమిలో అయితే బొగ్గు మొత్తం ఎర్రబడ్డాక గాలి ఆపి, బొగ్గుల మీద పళ్ళెం పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ చూడండి. గాలి కొడుతుండగా పెడితే అడుగు కరుగుతుంది.

కంటి మీద నమ్మకం కుదరనివాళ్లకు రెండు ఉపాయాలు. మొదటిది వెలిగారం, అంటే బోరాక్స్. నీళ్లన్నీ ఆవిరైన వెలిగారం 743 డిగ్రీల దగ్గర కరిగి గాజులా పారుతుంది. రేకు మూల చిటికెడు పెట్టండి. అది మొదట పొంగి, తెల్లటి నురగలా గట్టిపడుతుంది. అక్కడిదాకా పర్వాలేదు. గాజులా మెరిస్తే హద్దు దాటినట్టే. రెండోది కె టైప్ థర్మోకపుల్, అంటే వేడిని కొలిచే తీగ, పెట్టే మల్టీమీటర్. దాని తీగ కొసను రేకుకి గట్టిగా తగిలేలా పెట్టి చదవండి. తుపాకీలా చూపించి వేడి చెప్పే పరికరాన్ని మెరిసే ఇత్తడి మీద నమ్మొద్దు. మెరుపు వల్ల అది అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి నేను ఒక పళ్ళేన్ని తెల్లపొగ దాకా తీసుకెళ్లాను.

ఎరుపు పూర్తిగా ఆరిపోయాక పటకారుతో నీళ్లలోకి వదలండి. వేడి నీరు చిమ్ముతుంది, మొహం దూరంగా ఉంచండి. 70-30 కాదేమో అన్న అనుమానం ఉంటే ముంచకుండా గాలికే చల్లారనివ్వండి.

మెత్తబడిందా లేదా అన్నది మూల పట్టుకుని కొద్దిగా వంచితే తెలుస్తుంది. వంచినచోటే ఉండిపోతే మెత్తబడింది. స్ప్రింగులా వెనక్కి వస్తే ఇంకా బిరుసుంది.

నల్లపొర తీయడం

పొర మీదే సుత్తి వేస్తే అది లోహంలోకి దిగుతుంది. అందుకే ప్రతి కాక తర్వాతా శుభ్రం చేయాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ప్లాస్టిక్ తొట్టిలో అరగంట నానబెట్టండి. చింతపండు గుజ్జు కూడా పనిచేస్తుంది, ఆలస్యం అంతే. ఆమ్లం నీళ్లలో ఇనుప పటకారు మాత్రం ముంచకండి. నీళ్లలో కరిగిన రాగి వచ్చి ఇత్తడి మీద గులాబీ రంగు పొరగా అంటుకుంటుంది. కర్ర పుల్లలు వాడండి. ఆఖరున తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి తుడవండి.

అంచు ఒక్కటే మెత్తబరచాలంటే

చెంబు ఒళ్లంతా గట్టిగా ఉండి మూతి మాత్రం మడవాలి. అప్పుడు మొత్తం కాచేస్తే అప్పటిదాకా సుత్తితో తెచ్చిన గట్టిదనం పోయి, చెంబు వేలితో నొక్కినా లొట్టపడుతుంది. తూటా గొట్టం తయారీలో వచ్చే చిక్కూ ఇదే. మూతి మెత్తగా ఉండాలి, అడుగు ఒత్తిడి తట్టుకునేంత గట్టిగా ఉండాలి. అందుకే కర్మాగారాల్లో మెడకు మాత్రమే వేడి తగిలేలా చూస్తారు.

ఇంట్లో దీనికి నీళ్లే సాయం. లోతైన పళ్ళెంలో చెంబును నిలబెట్టి, చెంబు ఎత్తులో మూడింట రెండు వంతుల దాకా నీళ్లు పోయండి. లోపల కూడా అంతే నీళ్లు ఉండాలి. నీళ్లు ఉన్నంతవరకు ఆ భాగం 100 డిగ్రీలు దాటదు, దాని గట్టిదనం ఎక్కడికీ పోదు. ఇప్పుడు పైన తేలిన అంచు చుట్టూ మంట తిప్పండి. ఇత్తడి వేడిని త్వరగా కిందికి లాగేస్తుంది కాబట్టి మామూలు కన్నా కాస్త పెద్ద మంట, తక్కువ సమయం కావాలి. చిన్న మంటతో ఎక్కువసేపు కాస్తే నీళ్లు మరుగుతాయి గానీ అంచు మెత్తబడదు. నీడలో అంచు చుట్టూ సన్నటి ఎర్రగీత కనిపించగానే ఆపి, చెంబును నీళ్లలోకి వాల్చండి.

కరిగిన ఉప్పు సంగతి

ఉప్పును కరిగించి అందులో ఇత్తడిని ముంచితే రేకంతా సెకన్లలో ఒకే వేడికి వస్తుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. నిజమే. గాలి తగలదు కాబట్టి నల్లపొర తక్కువ, వేడి అన్ని వైపులా సమానం. ఫ్యాక్టరీల్లో ఉప్పు తొట్లు వాడేది అందుకే. ఆ ఉప్పు వంటింటి ఉప్పు కాదు. వంట ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి, ఇత్తడికి అది మరీ ఎక్కువ. అందుకని సోడియం నైట్రేట్, సూరేకారం (పొటాషియం నైట్రేట్) కలిపిన మిశ్రమం వాడతారు. అది 220 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది.

ఇంట్లో మాత్రం వద్దంటాను. సూరేకారం, బొగ్గు కలిస్తే ఏమవుతుందో దీపావళికి మతాబులు కట్టిన ఎవరికైనా తెలుసు. తుపాకీ మందులో ఉండేవి అవే, తోడుగా గంధకం. అలాంటి ఉప్పు నిండిన పాత్రను బొగ్గుల కొలిమి మీద పెట్టాక పాత్రకు చిన్న చిల్లు పడినా చాలు. నూనె, గుడ్డ పీలిక, పీచు ఏది అందులో పడినా భగ్గుమంటుంది. వేడి 600 దాటితే ఉప్పే విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. తడి వస్తువు ముంచితే నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన ఉప్పును మొహం మీదికి చిమ్ముతుంది. మా దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలోనే తడి ఉంటుంది, సోడియం నైట్రేట్ ఆ తడిని పీల్చుకుంటుంది. చల్లారి గడ్డకట్టిన తొట్టిని మళ్ళీ అడుగు నుంచి వేడిచేస్తే కింద కరిగిన ఉప్పు పైన గట్టి పెచ్చును బద్దలుకొట్టుకుని లేస్తుంది. వీటన్నిటికీ వేడిని హద్దులో ఉంచే యంత్రం, ఉక్కు తొట్టి, మూత, శిక్షణ పొందిన మనిషి కావాలి. పెరట్లో, పిల్లలు తిరిగేచోట ఇవేవీ ఉండవు. నీడ, మంట, ఓపిక ఉంటే చెంబుకీ పళ్ళేనికీ ఉప్పు తొట్టి అవసరం రాదు.

ఆఖరి కాక

నా చెంబు ఎందుకు చీలిందో ఇప్పుడు చెప్తాను. చివరి వరస సుత్తి పని, చివరి మడత చేశాక వస్తువు లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. పైకి ఏమీ తెలియదు. దానికి తడి, అమ్మోనియా తోడైతే గింజల అంచుల వెంబడి పగులు మొదలవుతుంది. పశువుల మూత్రం నుంచి వచ్చే ఘాటు వాసన అమ్మోనియాదే.

ఇదేమీ కొత్త విషయం కాదు. బ్రిటిష్ పాలనలో ఇక్కడి సైన్యం తూటాలను గుర్రపు సాలల దగ్గర నిల్వ చేసేది. వానాకాలంలో ఆ ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలేవి. ఒక కాలంలోనే వస్తుంది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు కారణం తేల్చారు: లోపల మిగిలిన ఒత్తిడి, బయట అమ్మోనియా. నా చెంబుకి జరిగింది అచ్చంగా అదే. మేనమామ ఆ ముగ్గురి పేర్లూ ఎప్పుడూ వినలేదు, మందు మాత్రం ఆయనకు తెలుసు.

ఆ మందు చిన్న వేడి. 250 నుంచి 260 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే లోపలి ఒత్తిడి సడలుతుంది. ఆ వేడికి కొత్త గింజలు పుట్టవు కాబట్టి సుత్తితో తెచ్చిన గట్టిదనం అలాగే నిలుస్తుంది. కేకులు చేసే ఓటీజీ ఓవెన్ చాలావరకు 250 దాకా వెళుతుంది. దాన్ని ఈ పనికే వేరుగా ఉంచుకోండి, తిండికి వాడొద్దు. వస్తువును చల్లటి ఓవెన్‌లో పెట్టి వేడి పెంచండి. 250 చేరాక గంటన్నర ఉంచి, తలుపు తీయకుండా లోపలే చల్లారనివ్వండి.

ఓవెన్ మీద ముల్లు చెప్పే అంకె నమ్మలేం. కళాయి వేసేవాళ్ల దగ్గర మంచి తగరం ముక్క అడిగి, ఉక్కు చెంచాలో వేసి వస్తువు పక్కన పెట్టండి. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. అది కరిగిందంటే ఓవెన్ నిజంగానే దగ్గరకు వచ్చింది, అక్కడ నుంచి గంటన్నర లెక్కపెట్టుకోండి. కరగకపోతే ఆ ఓవెన్ ఈ పనికి చాలదు. తగరం ఇత్తడికి తగలకుండా చూసుకోండి, అంటుకుంటే వదలదు.

ఈ కాక వస్తువు పూర్తయిన రోజే పెట్టండి. పాలిష్ చేశాక తీరిగ్గా పెడదాంలే అని వాయిదా వేయకండి, వానల్లో పగులుకి కొన్ని వారాలు చాలు. వేడికి కాస్త రంగు మారుతుంది, చింతపండుతో తోమితే పోతుంది.

వస్తువు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. మా ఊళ్లో చాలా ఇళ్లలో అటక మీద పాత ఇత్తడి సామాను, పక్కనే యూరియా బస్తాలు ఉంటాయి. యూరియా తడిస్తే మెల్లగా అమ్మోనియా వదులుతుంది. అద్దాలు తుడిచే కొన్ని ద్రవాల్లోనూ అది ఉంటుంది, వాటితో ఇత్తడిని తుడవకండి. చీలిన చెంబు స్థానంలో కొట్టిన రెండో చెంబుకి అదే రోజు సాయంత్రం ఆఖరి కాక పెట్టాను. నాలుగు వానాకాలాలుగా అది అదే సాలలో, అదే గూట్లో ఉంది. అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా తగలదు.